అరవై ఒకటో నంబరు దీపం

"…అట్ల కాదు బిడ్డా, అది కొట్టెయ్యి. కప్పు కూలిన కాడినుంచి మొదలువెడితే వినేటోళ్లకు ఏం తెలుస్తది? ముందుగాల ల్యాంపు రూము సంగతి రాయి. మీ అమ్మను అమ్మ అని రాయకు, సారక్క అని రాయి. మీ నాయనను ఓదెలు అని రాయి. కథల మనుషులు పేర్లతోనే ఉండాలె. రాసినవా? ఇగ చెప్త. మెల్లగ రాయి, నాకు తొందర లేదు."

ఎర్రగుట్ట బొగ్గుగనిలోకి దిగే ప్రతి మనిషీ ముందు ల్యాంపు రూము కిటికీ దగ్గర ఆగాలి. ఒక చేత్తో తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి, రెండో చేత్తో టోపీకి తగిలించుకునే దీపం తీసుకోవాలి. బిళ్ళ బోర్డు మీది కొక్కానికి ఎక్కుతుంది. షిఫ్టు దిగి దీపం వెనక్కి ఇస్తే బిళ్ళ వెనక్కి వస్తుంది. బోర్డు మీద బిళ్ళ వేలాడుతుందంటే ఆ మనిషి ఇంకా భూమి కిందే ఉన్నాడని అర్థం.

ఆ కిటికీ వెనక కూర్చునేది సారక్క. ఇంటరు చదివి, పరీక్ష రాసి తెచ్చుకున్న కొలువు. పొద్దుటి షిఫ్టుకు ఆమె చేతి మీదుగా నూట నలభై దీపాలు వెళ్తాయి. అందులో ఒకటి తండ్రి రాజలింగుది, ఒకటి మొగుడు ఓదెలుది.

రాజలింగు టింబర్‌మన్. కప్పు కిందికి రాకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. బడి మొహం చూసింది రెండేళ్ళే గానీ, ఇనుప కడ్డీతో కప్పును ఒక్కటి కొట్టి, మోత విని, నిలుస్తుందో కూలుతుందో చెప్పేవాడు. మోత గంటలా మోగితే గట్టి. కుండలా మోగితే డొల్ల. ముందు విను, తర్వాత అడుగు వెయ్యి అని కొత్తవాళ్ళకు చెప్పేవాడు.

ఓదెలు బొగ్గు కోసే మనిషి, బలమైనవాడు, కానీ చీకటంటే భయం. గనిలో పనిచేసేవాడికి చీకటి భయమేమిటని నవ్వొద్దు. అంతకు మూడేళ్ళ ముందు ఒకసారి అతని ముందూ వెనకా కప్పు కూలింది. ఆరు గంటలు ఒక్కడే ఇరుక్కుపోయాడు. తోడున్నది అరవై ఒకటో నంబరు దీపం ఒక్కటే. అది ఆరిపోలేదు, తనూ పోలేదు. అప్పటి నుంచి ఇంట్లో పడుకున్నా చిన్న బల్బు వెలగాల్సిందే. కరెంటు పోతే వాకిట్లోకి వచ్చి కూర్చునేవాడు. "అల్లుడా, సూర్యున్ని గూడ మంచం కోడుకు కట్టేసుకో" అని మామ ఎగతాళి చేసేవాడు. సారక్క మాత్రం ఎన్నడూ ఒక్క మాట అనలేదు. లేచి అగ్గిపెట్టె వెతికేది.

ఆ రోజుల్లోనే ఒక జీపులో రెండు పెట్టెలతో డాక్టర్ మాణిక్యాంబ దిగింది. మందులిచ్చే డాక్టరు కాదు, పరిశోధనశాల డాక్టరు. కాకినాడ మనిషి. మామూలు వైర్‌లెస్ రాతిలో ఇరవై అడుగులు కూడా పోదు. కానీ తెగని బొగ్గు పొరను ఒక రకమైన నిదానపు అలతో తడితే, ఆ పొరే మాటను ముక్క నుంచి ముక్కకు అందిస్తూ పోతుందని ఆమె కనిపెట్టింది. పదకొండేళ్ళు పట్టిందట.

ఆమె ఉపన్యాసం చెప్పలేదు. ఒక దీపాన్ని రాజలింగు చేతికిచ్చి గని అడుగుకు పంపింది, ఇంకొకటి పైన పట్టుకుంది. కాసేపటికి పై దీపంలోంచి సన్నగా, గొట్టంలోంచి వచ్చినట్టు రాజలింగు దగ్గు వినిపించింది. తర్వాత మాట వినిపించింది. తను మాట్లాడినంతసేపూ చేతిలోని దీపం మసకబారుతోందట, మాట ఆపగానే మళ్ళీ వెలుగుతోందట.

పైకి వచ్చాక ఆయన అన్నాడు: "అమ్మా, ఇది వెలుగు తాగి మాట మోస్తున్నది."

డాక్టరమ్మ నవ్వింది. ఆ మాటను తన పుస్తకంలో రాసుకుంది.

దీపాలన్నిటినీ ఒక వలలా కలిపే మెషిన్ ల్యాంపు రూములో పెట్టారు. అది బొమ్మలు నొక్కే కంప్యూటరు కాదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. యూనిక్స్ జాతిదట. మనం టైపు చేసి చెప్పిందే చేస్తుంది, చెప్పనిది చెయ్యదు. అలలు పంపే చిన్న కార్డును అందులో గుచ్చి సారక్క వైర్‌లెస్‌ను లేపమంది. అట్లాంటి వస్తువే ఇక్కడ లేదని మెషిన్ జవాబిచ్చింది. తీసి మళ్ళీ గుచ్చింది. లేదంది. ఎదురుగా కనబడుతున్నదాన్ని లేదంటుందేమిటని సారక్కకు ఒళ్ళు మండింది.

కార్డు ఒళ్ళు మాత్రమేనని డాక్టరమ్మ చెప్పింది. దానికి ప్రాణం పోసే ఫైలు వేరే ఉంటుంది, ముందు అది ఎక్కించాలి. తర్వాత కార్డును లేపాలి. లేచాక అది వెంటనే మాట్లాడకూడదు, చుట్టూ ఎవరున్నారో వినాలి. తర్వాత వలకు పేరు పెట్టాలి, తాళం పెట్టాలి. చివరికి వచ్చిన ప్రతి దీపానికీ ఒక అడ్రసు ఇవ్వాలి. సారక్క అదంతా చారు కాచే పద్ధతి రాసుకున్నట్టు నోటుబుక్కులో తెలుగులో రాసుకుంది. సాయంత్రానికి ఇరవై దీపాలు తెర మీద వరసగా కనబడ్డాయి. ఆమె కళ్ళు మెరిశాయి.

డాక్టరమ్మ చెయ్యి చాపి అంతా చెరిపేసింది.

"మళ్ళీ చెయ్యండి" అంది. "రేపు నేనుండనండి. మీ చెయ్యే ఉంటుంది."

సారక్క తొమ్మిదిసార్లు చేసింది. మొదటిసారి పూట పట్టింది, తొమ్మిదోసారి నిమిషం పట్టింది.

మొదటి వారం వల తలుపు తెరిచే ఉంచారు. ఇక చూడు తమాషా. ఒకడు తన డబ్బాలో ఏం కూరో చెబుతాడు, ఇంకొకడు పాట ఎత్తుకుంటాడు, మూడోవాడు ఎవరి పెళ్ళాన్నో అడిగినట్టు గొంతు మార్చి మాట్లాడతాడు. పక్క గనికిచ్చిన దీపాల నుంచి ఎవరెవరివో చప్పుళ్ళు. అసలు మాట ఈ సందట్లో మునిగిపోయేది. అప్పుడు సారక్క ఒక కట్టుబాటు పెట్టింది. పొద్దున బోర్డు మీద ఎవరి బిళ్ళ ఎక్కిందో, ఆ మనిషికి రాసి ఉన్న దీపం నంబరు ఒక్కటే లిస్టులోకి ఎక్కుతుంది. బిళ్ళ లేని దీపాన్ని మెషిన్ గుమ్మంలోంచే పంపించేస్తుంది. గని మొత్తం సద్దుమణిగింది. ఇంజనీరు శ్రీకర్‌రావు మెచ్చుకున్నాడు. సారక్క నాలుగు రోజులు కొంచెం తల ఎత్తి నడిచింది.

డాక్టరమ్మ లిస్టు చూసి, గడియ పెట్టడం నేర్చుకున్నారు, తీయడం కూడా నేర్చుకోండి అంది. ఏ లైను మార్చాలో చూపించింది. మారిస్తే మాత్రం వలను పూర్తిగా పడుకోబెట్టి మళ్ళీ లేపాలని, ఆ నిమిషంసేపు కింద ఉన్నవాళ్ళెవరికీ మాట ఉండదని హెచ్చరించింది.

కొత్త దీపాలకు పాత నంబర్లే వేశారు కానీ పంపకం మారింది. అరవై ఒకటి గట్టయ్య అనే అతని వంతుకు వెళ్ళింది, ఓదెలుకు రెండు వందల పద్నాలుగు వచ్చింది. ఆ రోజు అన్నం దగ్గర గొడవ. తనకు అరవై ఒకటే కావాలన్నాడు. అది పాత దీపం కాదని, నంబరొక్కటే అదని సారక్క చెప్పింది. నంబరే కావాలన్నాడు. ఒక్కొక్కడి మొక్కు కోసం లిస్టు మారుస్తూ పోతే ఇక లిస్టెందుకని ఆమె అడిగింది. అతను కంచంలో చెయ్యి కడిగి లేచాడు. రాజలింగుకు ఈ తగవే లేదు. మాట్లాడే దీపం తనకొద్దన్నాడు. మామూలు పాత దీపమే పెట్టుకుని దిగేవాడు. దీపం వెలగాలి గానీ మాట్లాడటం దేనికి అనేవాడు.

నెల తిరక్కుండా పరిశోధనశాల నుంచి కబురు వచ్చింది. మాట మోసినా వెలుగు తగ్గని బ్యాటరీ కోసం పరీక్ష చేస్తుంటే అది డాక్టరమ్మ మొహం ముందే పేలింది. రెండు కళ్ళూ పోయాయి. ఇకపై పనిచెయ్యనని, తను చేసిన వస్తువు వెలుగు తాగడం తప్ప ఏమీ చెయ్యలేదని ఆమె చెప్పి పంపింది. సారక్క కిటికీ మూసుకుని ఏడ్చింది. బయట మనుషులు దీపాల కోసం వరసలో నిలబడి ఉన్నారు. ఎవరూ తలుపు కొట్టలేదు.

ఆ తర్వాత పదో రోజు. గట్టయ్య చెల్లెలి పెళ్ళికి సెలవు పెట్టాడు. పొద్దున సారక్క ఇంట్లో టిఫిన్ డబ్బా మరిచిపోయి వస్తే ఓదెలు తెచ్చి ఇచ్చాడు. మొగుడు కదా, కిటికీ దగ్గర కాకుండా లోపలి తలుపు నుంచే వచ్చాడు. డబ్బా బల్ల మీద పెట్టాడు, బిళ్ళ ఇచ్చాడు, దీపం తనే అందుకుంటానన్నాడు. ఆమె వరసలో వాళ్ళకు ఇవ్వడంలో మునిగిపోయి సరేనంది.

పదకొండు గంటలకు కాళ్ళ కింద నేల చిన్నగా వణికింది. బల్ల మీద డబ్బా మూత టకటకలాడింది.

కింద కప్పు కూలింది. వల ఉండబట్టి గంటలో నూట ముప్పై ఎనిమిది మందిలో నలభై మంది పైకి వచ్చారు, మిగిలినవాళ్ళు ఎటు రావాలో దీపాల్లో చెబుతుంటే వరసకట్టి నడుస్తున్నారు. అందరి జాడా తెలిసింది, ఇద్దరిది తప్ప. రాజలింగు దీపం మాట్లాడదు. ఓదెలు దీపం మాత్రం రెండు వందల పద్నాలుగు, చక్కగా, నిండు బలంతో పలుకుతోంది. ఎక్కడి నుంచి? ల్యాంపు రూము గోడ పక్క నుంచి.

శ్రీకర్‌రావు తెర చూసి, ఓదెలు పైకి వచ్చేసి బిళ్ళ తీసుకోకుండా చుట్టకో బీడీకో పోయాడని తేల్చాడు. ఇక ముసలాయన ఒక్కడే. ఆయనకు ఆ రోజు తూర్పు వైపు పని రాసి ఉంది కాబట్టి తూర్పున తవ్వమన్నాడు. మనుషులు బయల్దేరారు.

సారక్క బోర్డు వంక చూసింది. ఓదెలు బిళ్ళ కొక్కానికి వేలాడుతోంది. అతను బీడీ తాగడు. దీపం పెట్టకుండా నీడలోకి కూడా పోడు.

ముందు వినండి, తర్వాత మాట్లాడండి అని డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తుకొచ్చింది. లిస్టు వదిలేసి, గుమ్మం దగ్గర మెషిన్ ఎవరెవరిని పంపించేసిందో రాసుకునే చిట్టాను తెరిచింది. తెల్లటి అక్షరాలు బిలబిలా పైకి పాకాయి.

అరవై ఒకటి వచ్చింది, పొమ్మన్నాను. అరవై ఒకటి వచ్చింది, పొమ్మన్నాను. అరవై ఒకటి వచ్చింది, పొమ్మన్నాను.

గంట నుంచి తలుపు కొడుతున్నాడు. ఆమె పెట్టిన కట్టుబాటే అతన్ని నెట్టేస్తోంది.

సారక్క దీపాల అరల దగ్గరికి పరుగెత్తింది. అరవై ఒకటి ఉండాల్సిన చోట ఇంకో దీపం ఉంది. దాని వెనక రెండు వందల పద్నాలుగు అని చెక్కి ఉంది. పట్టీకి ఓదెలు చెమట తుడుచుకునే చారల తువాలు ముక్క కట్టి ఉంది. దాన్ని తెచ్చి ఇంజనీరు ముందు పెట్టింది. సంగతి చెప్పి, వలను పడుకోబెట్టి లేపాలంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. కింద ఇంకా దాదాపు వంద మంది దారిలో ఉన్నారు, నిమిషం మాట ఆగితే ఎవడైనా తప్పు మలుపు తిరుగుతాడన్నాడు. నిజమే, అది చిన్న మాట కాదు.

సారక్క అన్ని దీపాలకూ వినబడేటట్టు మీట నొక్కింది. "అన్నలూ, ల్యాంపు రూము సారక్కను. ఎక్కడోళ్లక్కడ్నే కూసోండ్రి. పిల్లరుకు ఈపు ఆనిచ్చి వంద లెక్కవెట్టుండ్రి. నేను మళ్ళ పలికేదాక ఎవ్వలు లేవద్దు."

ఇంజనీరు కుర్చీ జరిపి పక్కకు తప్పుకున్నాడు.

ఆమె వలను పడుకోబెట్టింది. లిస్టులో అరవై ఒకటి చేర్చింది. లేపింది. అట్లాంటి వస్తువే ఇక్కడ లేదని మెషిన్ జవాబిచ్చింది. వేళ్ళు ఒక్క క్షణం గాల్లో ఆగిపోయాయి. తర్వాత ఆమెకు నవ్వొచ్చినంత పనైంది. మొదటిరోజు చేసిన తప్పే. ప్రాణం పోయకుండా లేపుతోంది. ఫైలు ఎక్కించింది. లేపింది. విన్నది. పేరు, తాళం, అడ్రసు. వంద మంది దాకా కింద లెక్కపెడుతున్నారు. తొంభై నాలుగు దగ్గర తెర మీద దీపాలు చుక్కల్లా ఒక్కొక్కటే పొడిచాయి. అన్నిటికంటే అడుగున, అన్నిటికంటే నీరసంగా, అరవై ఒకటి.

"ఎవలన్న వింటున్నరా" అన్నాడు ఓదెలు. గొంతు దారప్పోగులా ఉంది.

"నేను. బాపు ఉన్నడా?"

"ఉన్నడు. కాలు బండ కింద ఉన్నది. ఆయిన దీపం పలిగింది. నీకు చెప్పకుంట అరవై ఒకటి తీస్కున్న."

"అది ఇంటికాడ మాట్లాడుదం. పిల్లరు మీద నంబరు చూసి చెప్పు."

ఏ నంబరో చూడాలంటే వెలుగు కావాలి, చెప్పాలంటే ఆ వెలుగే కావాలి. ముందు చూశాడు, తర్వాత చెప్పాడు. దక్షిణం వైపు పదిహేడో పిల్లరు, కప్పు మొయ్యడానికి కోయకుండా వదిలిన బొగ్గు స్తంభం. కప్పు మోత అనుమానంగా ఉందని మామను తనే అటు తీసుకుపోయాడట. తవ్వేవాళ్ళు తూర్పు నుంచి దక్షిణానికి పరుగు తీశారు.

శ్రీకర్‌రావు కాగితం మీద లెక్క వేసి సారక్క ముందుకు తోశాడు. అక్కడికి చేరడానికి ఐదు గంటలు. దీపం వెలుగుతూ ఉంటే గంటన్నరలో ఆరిపోతుంది. వెలుగు ఆర్పి, పావుగంటకొక్క మాట పలికితే ఐదు గంటలూ నిలుస్తుంది. ఆ మాట రావాల్సిందే. తవ్వేవాళ్ళ చేతి దీపంలో దాని బలం చూసుకుంటూ పోతేనే దారి తప్పరు.

ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ప్రపంచంలో ఇంకెవరినైనా ఇది అడగొచ్చు.

"లైటు ఆర్పాలె" అంది.

ఆమె మీట వదిలి మళ్ళీ నొక్కింది.

"ఇన్నవా? ఐదు గంటలు ఆర్పాలె. మాటొక్కటే ఉండాలె."

"నాతోని కాదు. నీకు ఎర్కనే గద."

"ఎర్కే."

అప్పుడు దీపంలో ముసలి గొంతు వినిపించింది. పక్కనుంచి మొహం దూర్చినట్టున్నాడు. "అల్లుడా, కప్పును సూసేది కండ్లతోని కాదు. నా కాలు పట్కపోయింది, నేను లేవలేను. కడ్డీ నీ చేతిల వెడుత. పావుగంటకోసారి కొట్టు, ఇను, గట్టో డొల్లో నా బిడ్డకు చెప్పు. లైటుంటే చెవి సరిగ పని చెయ్యదు. ఆర్పు."

తెర మీద అరవై ఒకటి పక్కన వెలుగు గుర్తు ఆరిపోయింది. సారక్క కుర్చీ అంచును గట్టిగా పట్టుకుంది.

పావుగంటకు ఒక మాట వచ్చింది. "గట్టి." వణుకుతూ వచ్చింది. ఇంకో పావుగంటకు ఇంకొకటి. మూడో మాటకు వణుకు తగ్గింది. ఏడోసారికి పనివాడి గొంతు వచ్చేసింది. దారిలో ఉన్నవాళ్ళందరూ పైకి వచ్చారు గానీ ఎవరూ ఇంటికి పోలేదు. కిటికీ బయట నిలబడి, ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి వదిలేవాళ్ళు.

నాలుగో గంట దాటాక మాట మారింది. "డొల్ల."

అక్కడి నుంచి లేచి గట్టి కప్పు కిందికి పొమ్మని మామ తిడుతున్నాడు. అది మాత్రం స్పష్టంగా వినబడింది. ఓదెలు పోలేదు. తర్వాత ఏం జరిగిందో దీపం చెప్పలేదు. మీట నొక్కి వెలుగు ఖర్చుచెయ్యలేదు కనుక. ఆ చీకట్లో విరిగిన దుంగలు తడుముకుంటూ వెతికాడు. ఏ కొస కింద, ఏ కొస పైన, చీల ఎక్కడ కొట్టాలి అని మామ నోటితో చెబుతుంటే, జీవితంలో మొదటిసారి కన్ను అవసరం లేకుండా ఒక దుంగను నిలబెట్టాడు. టింబర్‌మన్‌గా ముప్పై ఏళ్ళు చేసిన రాజలింగు అంత చక్కగా నిలబెట్టిన దుంగను చూడలేదు. అంటే, దాన్నీ చూడలేదు. విన్నాడు.

కిటికీ దగ్గర పావుగంట గడిచింది. ఇంకో రెండు నిమిషాలు గడిచాయి.

"గట్టి" అన్నాడు ఓదెలు.

శ్రీకర్‌రావు అద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయాడు.

సాయంత్రం ఐదున్నరకు గని నోట్లోంచి స్ట్రెచర్ మీద రాజలింగు వచ్చాడు. దాని వెనక ఒక కొస మోసుకుంటూ ఓదెలు నడిచి వచ్చాడు. ఎండ ఇంకా ఎర్రగా ఉంది. అందరూ అతను కళ్ళెత్తి సూర్యుడిని చూస్తాడనుకున్నారు. అతను నేరుగా కిటికీ దగ్గరకొచ్చి వరసలో నిలబడ్డాడు. ముందు ఎవరూ లేరు, అయినా నిలబడ్డాడు. ఆరిపోయిన దీపాన్ని బల్ల మీద పెట్టాడు. సారక్క బోర్డు మీదినుంచి రెండు బిళ్ళలు తీసింది, అతనిది, తన తండ్రిది. చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదల్లేదు. రెండో చేత్తో రిజిస్టరు తెరిచి, అరవై ఒకటి ఎదురుగా గట్టయ్య పేరు కొట్టేసి ఓదెలు అని రాసింది. గట్టయ్య పెళ్ళి నుంచి వచ్చాక ఏమీ అనలేదు. ఆ నంబరును తాకడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు.

ఆ వారం నుంచి వాళ్ళింట్లో పడుకునేటప్పుడు బల్బు ఆర్పేశారు. ఓదెలే ఆర్పాడు. గని మెషిన్‌లో ఒక లైను మారింది. లిస్టులో లేని దీపం మూడుసార్లు తలుపు కొడితే, నాలుగోసారి మెషిన్ దాన్ని పొమ్మనదు, మనిషిని పిలుస్తుంది. ఇప్పుడు ఎన్నో గనుల్లో ఆ లైను ఉంది. రాసింది మాత్రం సారక్కే.

"అయిపోయింది బిడ్డా. ఇగ పెన్ను వెట్టు, చెయ్యి గుంజుతుండొచ్చు. సోమారం నువ్వు కాలేజికని కాకినాడ పోతున్నవు గద. అక్కడ చెల్లెలింట్ల డాక్టరమ్మ ఉంటది. ఆమెకు రెండు ముక్కల రిపోర్టు తప్ప ఎవ్వలు ఏం చెప్పలే. తన వస్తువు వెలుగే తాగిందని ఇప్పటికీ అనుకుంటున్నదట. ఈ కాయితాలు ఆమెకు చదివి ఇనిపియ్యి. రాజలింగు ఎట్లున్నడని అడిగితే, మా తాత కర్ర పట్కొని నడుస్తున్నడని చెప్పు. అరవై ఒకటి తలుపు కొట్టిన కాడికి వచ్చినంక జర ఆగు. ఆమె ఏమనకపోతే తొందరవడకు. ఆమె ముందు ఇంటది, తర్వాతనే మాట్లాడ్తది."